పొట్టి కొస

పాండూరు అవతలి తోటలో రెయిన్‌డీర్ ఎడమ కొమ్ము ఊడిపడింది నా వల్ల. ఆ రోజు అక్కడున్నవాళ్ళు రకరకాల కారణాలు చెప్పారు. దూడ తల విదిలించిందన్నారు, ముడి సరిగా వేయలేదన్నారు, పిల్లలెవరో లాగారన్నారు. నలభై దాటిన ఒక బీకామ్ గృహిణి లాగి ఉంటుందని మాత్రం ఎవరికీ తోచలేదు. అట్లాంటి పని చేసే ముఖం కాదు నాది. ఆ ముఖాన్నే ఆ రోజు కాసేపు వాడుకున్నాను.

మేముండేది తిరువళ్ళూరులో. మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఇళ్ళు, ఒక వాట్సాప్ గ్రూపు, ఆ గ్రూపుకి ఒక విద్యాలక్ష్మి. మా పై ఇంట్లో ఉంటుంది, వాళ్ళది బియ్యం మండీ. నీళ్ళ మోటారు ఎప్పుడు వేయాలో, ఎవరి పిల్ల ప్లస్ వన్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో, సెలవుల్లో అందరం ఎక్కడికి పోవాలో ఆవిడే నిర్ణయిస్తుంది. బాగానే నిర్ణయిస్తుంది కూడా. నాకు ఒళ్ళు మండేది అందుకే.

డిసెంబరులో ఆవిడ గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. మంచులో నిలబడ్డ రెయిన్‌డీర్. దాని కింద తమిళంలో: 'క్రిస్మస్ సెలవుల్లో మన పాండూరులోనే రెయిన్‌డీర్‌ను కలవండి! స్నేహంగా ఉండే మేకలు, కుందేళ్ళు, బాతులు కూడా.' పొద్దున ఆ తోట, అక్కడే పులిహోర, పెరుగన్నం, ఆ తర్వాత అదే వ్యానులో తిరుత్తణి. ఏడాది చివరి రద్దీ మొదలయ్యేలోపు మురుగన్ దర్శనం. ఒకే డీజిలుకి రెయిన్‌డీరూ నెమలీ రెండూ అయిపోతాయి.

మా ఆయన వెంకటాచలానికి బట్టల కొట్టు. పండగ బేరాలు వదిలి రానన్నాడు. నేనూ మా దీపికా బయల్దేరాం. దీపికకి ఏడేళ్ళు. రెయిన్‌డీర్ కోసమని ముందు రోజే క్యారెట్లు కడిగి, ఆరబెట్టి, వాటిలో వంకర్లు లేనివి మూడు ఏరి పెట్టుకుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అపార్ట్‌మెంట్‌లో చేరిన కొత్తలో విద్యాలక్ష్మి మా పుట్టింటివాళ్ళేం చేస్తారని అడిగితే, టెక్స్‌టైల్స్ అన్నాను. అది అబద్ధం కాదు. పళ్ళిపట్టులో మా నాన్నకి ఒకే ఒక మగ్గం ఉండేది. ఒక మగ్గమున్నా టెక్స్‌టైల్సే. కాకపోతే ఆ మాట విన్నవాళ్ళకి అద్దాల షోరూము కనబడితే, దాన్ని తుడిచేసే పని నేను పెట్టుకోలేదు. తిరుత్తణి కాలేజీ నుంచి సాయంత్రం బస్సు దిగి, పుస్తకాలు గూట్లో పెట్టి, నేరుగా మగ్గం దగ్గర కూర్చుని తెగిన పోగులు ముడేసే అమ్మాయి వాళ్ళకెవరికీ తెలియదు. పదకొండేళ్ళుగా తెలియదు.

తోట గేటు దగ్గర యజమాని దామోదరన్ ఎర్ర టోపీ, తెల్ల పంచెతో ఎదురొచ్చాడు. లోపల మేకలు మెడలో జరీ తోరణాలతో ఉన్నాయి, ఒకటి తన తోరణం తాను తింటోంది. కుందేళ్ళు పిల్లల చేతుల్లోకి వచ్చినట్టే వచ్చి జారిపోతున్నాయి. ఒక టర్కీ కోడి కూడా ఉంది. అది అందరితో స్నేహంగా ఉంటుందని బోర్డు మీద రాశారు, దానికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

చివర్న వెదురు కంచె, కంచె లోపల గడ్డి, గడ్డి మీద మంచు కోసం చల్లిన దూది. మధ్యలో రెయిన్‌డీర్.

ఏడాది వయసున్న గోధుమరంగు కోడెదూడ అది. కళ్ళు పెద్దవి, మెడలో గంటలు. నెత్తిన మాత్రం నిజంగానే చూడదగ్గ కొమ్ములు. పిల్లలందరూ ఒక్కసారి 'ఓ' అని ఆగిపోయారు. నేనూ ఆగాను, ఇంకో కారణం వల్ల. జామకొమ్మలకి నూలు చుట్టి, గంజి పట్టించి, కాఫీ డికాషన్‌తో రంగు వేశారు. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా, మధ్యలో సందు లేకుండా, చివరి మొన దాకా అదే బిగువు. అట్లాంటి చుట్టు చుట్టాలంటే ఆ చెయ్యి ఏళ్ళ తరబడి మగ్గం మీద పని చేసి ఉండాలి.

ఆ చెయ్యి పక్కనే ఉంది. అరవై దాటిన మనిషి, ఎర్ర చొక్కా, ఎర్ర టోపీ. పేరు తణికాచలం అని చొక్కా మీద కాగితం అంటించారు. పిల్లలతో తమిళంలో, దూడతో తెలుగులో మాట్లాడుతున్నాడు. "గమ్మున ఉండరా చిన్నోడా, రోంత సేపే."

కొమ్ములు ఒక్కోటీ చెవి వెనక తాడుతో కట్టి ఉన్నాయి. ఎడమ చెవి వెనకది నాకు అడుగు దూరంలో ఉంది. మా ఇళ్ళలో పడుగు కట్టేటప్పుడు వేసే జారుముడి. పొడుగు కొస లాగితే బిగుస్తుంది, పొట్టి కొస లాగితే విడిపోతుంది. తెలియనివాళ్ళు ఎంత గుంజినా పొడుగుదే చేతికొస్తుంది కాబట్టి ఇంకా బిగుస్తుంది.

"చూస్తివా సత్యా," అంది విద్యాలక్ష్మి, నలుగురికీ వినబడేలా. "నార్వే నుంచి తెచ్చినారంట. రాత్రిళ్ళు ఏసీలో పెడతారంట."

"అక్కా, దానికి గంగడోలు ఉండాది."

"రెయిన్‌డీర్‌కి మాత్రం ఉండదా? నువ్వు యాడ చూసినావు?"

"యాడా చూడలేదు."

"అదే చెప్తుండా. పుట్టినప్పట్నుంచీ షోరూములో పెరిగినదానివి. చెయ్యి మాయని పిల్లవి. ఆవుకీ మేకకీ తేడా తెలిస్తే అదే గొప్ప నీకు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. నేనూ నవ్వాను. కానీ నాలుక చివర దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆ కొమ్ము ఎట్లా కట్టారో, ఏ గంజి పెట్టారో, ఆ ముడి ఎక్కడిదో నాకు తెలుసని చెప్పాలంటే షోరూము సంగతి కూడా చెప్పాలి. చెప్పలేను. చెప్పలేకపోయినదాన్ని ఊరుకుని ఉండొచ్చు. కొమ్ము కొంచెం వాలితే చాలు, విద్యాలక్ష్మి నార్వే కొంచెం వాలితే చాలు అనిపించింది. దీపిక దూడకి క్యారెట్ అందిస్తోంది. అందరూ అటు చూస్తున్నారు. నేను దూడ మెడ నిమురుతున్నట్టు చెయ్యి పెట్టి, పొట్టి కొస లాగాను.

వాలలేదు. ఊడి కింద పడింది. ఒక మొన విరిగింది.

దీపిక క్యారెట్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "దానికి నొప్పిగా ఉందా అమ్మా?" అంది. అంతే, పక్కనున్న పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, దాన్ని చూసి ఇంకో ఇద్దరు. దూడ మాత్రం తేలికపడ్డట్టు తల ఊపి, దీపిక చేతిలో క్యారెట్ లాక్కుంది.

విద్యాలక్ష్మి నా చెవిలో అంది, "సర్వనాశనం. నాకు తెలీదనుకుంటివా అది దూడని? పిలకాయలు వింటుండారని కదే నార్వే అని చెప్తి."

 నేను తల తిప్పేసరికి ఆవిడ పక్కన లేదు. అప్పటికే పిల్లల్ని పోగుచేసి, "క్రిస్మస్ అయిపోయింది కదా, కొమ్ములు రాల్చే టైమ్, కొత్తవి వస్తాయి" అంటూ బాతుల వైపు నడిపిస్తోంది.

దామోదరన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం యా తణికాచలం, ముడి వేసేది కూడా రాదా? నలభై ఏండ్లు నేసినా, నలభై ఏండ్లు నేసినా అంటివే?"

"నా ముడి దానంతట అది ఊడదు సామీ. కొస పట్టుకుని లాగితే తప్ప."

"ఎవరు లాగుతారు? వచ్చినవాళ్ళ మీద చెప్తావా? ఒంటిగంటకి అంబత్తూరు నుంచి రెండు బస్సులు వస్తుండాయి. ఆ లోపల కొమ్ము నిలబడాల. నిలబడకపోతే రేపట్నుంచి రావద్దు. గొడ్డుకి గడ్డి వేసేదానికి ఎవుడైనా చాలు నాకు."

తణికాచలం కింద పడ్డ తాడు తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. ఎక్కడా తెగలేదు, నలగలేదు. తర్వాత తల ఎత్తి కంచె పక్కన నిలబడ్డ మమ్మల్ని చూశాడు. మొహాలు కాదు, చేతులు. వరుసగా చూస్తూ వచ్చి నా దగ్గర ఆగాడు. చెయ్యి కొంగులో దాచుకున్నది నేనొక్కదాన్నే.

"మీది యా ఊరు పాపా?" అన్నాడు.

"తిరువళ్ళూరే."

"దానికి ముందర?"

"తిరువళ్ళూరే" అన్నాను.

ఆయన తలాడించి, దూడని తోలుకుని కొట్టం వెనక్కి పోయాడు. అప్పటికి పన్నెండూ నలభై.

నేను బాతుల దగ్గరికి పోయాను. దీపికకి పులిహోర కలిపి పెట్టాను. ఒక బాతు నా చెప్పు కొరికితే, దాన్నీ ఏమీ అనలేదు. పది నిమిషాలయ్యాక బాత్రూమ్ అని చెప్పి కొట్టం వెనక్కి నడిచాను.

ఆయన విరిగిన మొనకి నూలు చుట్టి, అప్పటికే అతికించాడు. కట్టడమే కుదరడం లేదు. కుడి బొటనవేలు వంగడం లేదు. తాడు మెలి పడేలోపు జారిపోతోంది. మళ్ళీ మొదలుపెడుతున్నాడు. నన్ను చూసి ఆపలేదు.

"చలికాలంలో ఈ వేలు వంగదు. పొద్దున నాలుగింటికి లేచి కట్టినా. గంట పట్టె." ఫిర్యాదులా కాదు, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు చెప్పాడు.

నేను గడ్డి మీద కూర్చుని తాడు తీసుకున్నాను. ఆయన దూడ తల పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ముడి వేయలేదు. ఆలోచించి ఉంటే వచ్చేది కాదేమో, వేళ్ళు నన్ను అడక్కుండానే వేసేశాయి. ఆయన కొమ్ముని కాదు, నా వేళ్ళనే చూస్తున్నాడు.

"పళ్ళిపట్టు పక్క ఇట్లా వేస్తారు" అన్నాడు మెల్లగా. "మా తట్టు రెండు చుట్లు. వాళ్ళు ఒకటే వేసి లోపల్నుంచి తీస్తారు."

అది ప్రశ్న కాదు. అయినా జవాబు చెప్పాల్సింది నేనే. నోరు తెరిచాను కూడా.

"సత్యా! ఇక్కడుండావా!" విద్యాలక్ష్మి ఫోను పట్టుకుని వచ్చేసింది. "అయ్యో, చూడు, చూడు! నువ్వే కట్టినావా? ఇదంతా యాడ నేర్చుకుంటివే?"

తడుముకోకుండా వచ్చింది నాకు. "యూట్యూబ్‌లో చూసినా అక్కా."

ఆవిడ పొంగిపోయి ఫొటో తీసింది. తణికాచలం దూడ చెవి సర్దుతూ, అటువైపే చూస్తూ అన్నాడు, "బాగా నేర్పిస్తుండారమ్మా యూట్యూబ్‌లో."

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే ఒక మాట తిరిగి అనేసి బయటపడేదాన్ని. నాకు అలవాటే.

దామోదరన్ గడియారం చూసుకుంటూ వచ్చాడు. కొమ్ము పట్టుకుని ఊపాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా ఊపాడు. దూడ తలే అటూ ఇటూ తిరిగింది. "ఎవరు కట్టింది?"

"మా సత్యే," అంది విద్యాలక్ష్మి, తన కూతురికి ఫస్ట్ ర్యాంకు వచ్చినట్టు. "ఫోనులో చూసి నేర్చుకుందంట!"

దామోదరన్ తణికాచలం వైపు తిరిగాడు. "చూస్తివా యా? ఈ మేడమ్ ఫోనులో చూసి కడితే ఇట్లా నిలబడె. నీకు నలభై ఏండ్లు. ఇంగ నువ్వెందుకు నాకు? నేనే ఫోను చూసి కట్టుకుంటా. ఈ బస్సులు పోయినాక నీ గుడ్డలు సర్దుకో."

 తణికాచలం టోపీ తీసి, దాంతో మొహం తుడుచుకుని, బస్సులు వస్తాయి కాబట్టి మళ్ళీ పెట్టుకున్నాడు.

నేను అప్పుడు ధైర్యంగా ముందుకు వచ్చానని రాయాలని ఉంది. రాలేదు. ఒక్క క్షణం, అది చాలా పొడుగు క్షణం, లెక్కలు వేసుకున్నాను. దర్శనం అయ్యాక విద్యాలక్ష్మి చేత దామోదరన్‌కి ఫోను చేయించొచ్చు. మా ఆయనకి చెప్పి కొట్లో ఆయనకేదైనా పని చూడొచ్చు. రేపు గ్రూపులో నలుగురి చేతా మంచి మాటలు రాయించొచ్చు. ఇవన్నీ జరిగే పనులే. నా షోరూము మాత్రం అద్దం పగలకుండా అట్లాగే ఉంటుంది. అన్నిటికన్నా ముందు నాకు తోచినవి ఇవి.

గేటు దగ్గర బస్సు హారన్ కొట్టింది.

"నేనే లాగినా" అన్నాను.

హారన్‌లో ఎవరికీ వినబడలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అట్లాంటి మాట ఒకసారి అనడమే కష్టం.

"ఏంది మేడమ్?"

"ఆ కొమ్ము నేనే ఊడదీసినా. పొట్టి కొస పట్టుకుని లాగినా. ఆయన ముడి మంచిదే. యూట్యూబ్ గీట్యూబ్ ఏమీ లేదు. మా నాయన పళ్ళిపట్టులో మగ్గం నేసినాడు. ఒకటే మగ్గం. పదేండ్లప్పట్నుంచీ నాకీ ముడి వచ్చు. వచ్చు కాబట్టే ఊడదీసినా."

చెప్పాలనుకున్న వరుసలో రాలేదు. విద్యాలక్ష్మి ఫోను దించింది. నేను ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ చెప్పులు మాత్రం కనబడ్డాయి, అవి కదల్లేదు.

దామోదరన్ ఒక్క క్షణం తేరిపార చూసి, పెద్దగా నవ్వేశాడు. "అయ్యో, ఇంతే కదా మేడమ్! ఏదో ఆటగా చేసినారు. పరవాల్ల, పరవాల్ల. ఒక కొమ్ము ఏం పెద్ద విషయం?"

అంతే. నిమిషం కింద ఆ కొమ్ముకి ఒక మనిషి కూడు పోయింది. నేను లాగానని తెలిసేసరికి అది ఆట అయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నాకు మజ్జిగ తెమ్మని ఎవరికో కేక వేశాడు.

"మరి ఆయన్ని..." అన్నాను.

"ఎవర్ని? ఓ, అదా. సరే, ఉండనీ లే. ఏం యా, ఇంగా నిలబడుకోనుండావు? తోలుకురా దాన్ని. పిలకాయలు దిగుతుండారు." తప్పు నీది కాదట అని కూడా అనలేదు. గేటు వైపు పోయాడు.

తణికాచలం దూడ పలుపు పట్టుకుని కంచెలోకి నడిచాడు. నేను వెనకే పోయాను. "మామా..." అన్నాను. మా ఇళ్ళలో ఆ వయసు మనిషిని పిలిచే పిలుపు. పొద్దుననే పిలిచి ఉండాల్సింది.

ఆయన ఆగాడు. నా వైపు తిరిగి, తమిళంలో అన్నాడు, వచ్చినవాళ్ళందరితో మాట్లాడినట్టే, మర్యాదగా: "కంచె అవతలికి పోండి మేడమ్. పిల్లలు వస్తున్నారు."

కంచె దాటి నిలబడ్డాను. దీపిక వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అంబత్తూరు పిల్లలు యాభై మందికి పైనే ఉంటారు, కంచె పొడుగునా ఎగబడి అరుస్తున్నారు.

తణికాచలం వాళ్ళని చూడలేదు. దూడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చెవి వెనక చెయ్యి పెట్టి, నేను వేసిన ముడి పొట్టి కొస పట్టుకుని లాగాడు. కొమ్ము ఆయన ఒళ్ళో పడింది.

"ఏం యా చేస్తుండావు!" గేటు దగ్గర్నుంచి దామోదరన్ అరిచాడు. "టైమ్ అయ్యె!"

 ఆయన కొమ్ముని పెట్టి, తాడు తిప్పి, వంగని బొటనవేలిని ఎడమచేత్తో వంచి పట్టుకుని మొదలుపెట్టాడు. మొదటిసారి జారింది. రెండోసారీ జారింది. పిల్లలు అరుపులు మానేసి చూడసాగారు. వెంట వచ్చిన పెద్దవాళ్ళు ఇది కూడా చూపించేదాంట్లో భాగమే అనుకుని, "చూడండి, రెయిన్‌డీర్‌కి కొమ్ములు అలంకరిస్తున్నారు" అని చెబుతున్నారు. నా వేళ్ళు కొంగు కొసని మెలి తిప్పుతున్నాయని నాకు తర్వాత తెలిసింది.

"అమ్మా, నువ్వు పోయి కట్టు," అంది దీపిక. "నీకు వచ్చు కదా."

"వద్దు."

"ఎందుకు?"

 విద్యాలక్ష్మి వెనక నుంచి వచ్చి నా పక్కన నిలబడింది. ఎన్నో అడగాలని ఉండి ఉంటుంది. ఒక్కటీ అడగలేదు. ఆవిడ అట్లా ఊరుకోవడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి. దాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో నాకు తెలియలేదు.

నాలుగోసారి తాడు నిలిచింది. రెండు చుట్లు, వాళ్ళ తట్టు ముడి. తణికాచలం పొడుగు కొస లాగి బిగించాడు. పొట్టి కొసని మాత్రం వదిలేయలేదు. దాన్ని గోటితో నొక్కి, కొమ్ము మీద నూలు చుట్ల మధ్యలోకి తోసి, ఎవరి వేళ్ళకీ దొరక్కుండా లోపలికంటా దాచేశాడు. ఆ తర్వాత లేచి, మోకాళ్ళకంటిన దూది దులుపుకుని, పిల్లల్ని రమ్మని చెయ్యి ఊపాడు.